‘లాటరీ’ కథ చదివితే మా గుంపు రెండుగా చీలింది: ఇలాంటి కథలు నలుగురిలో చదవచ్చా?

సాయంత్రం_చదువరి | జూన్ 28, రాత్రి 10:05

అందరికీ నమస్కారం. సలహా కోసం రాస్తున్నాను. కాస్త బాధతోనూ రాస్తున్నాను.

మా అపార్ట్‌మెంట్‌లో నెల ఆఖరి ఆదివారం టెర్రస్ మీద కూర్చుని ఒక కథ చదువుకుంటాం. బ్యాంకులో రిటైరయ్యాక నేను మొదలుపెట్టిన పని. పదకొండు మందిమి. ఇన్నాళ్ళూ హాస్యకథలు, పల్లెటూరి కథలు, ఒకటి రెండు ప్రేమకథలు. చదవడం, టీ, పకోడీ, ‘బాగుందండీ’ అనుకుని మెట్లు దిగడం.

ఈసారి అమెరికన్ రచయిత్రి షిర్లీ జాక్సన్ రాసిన ‘ద లాటరీ’ తీసుకున్నాను. నాకు చేతనైనంతలో తెలుగు చేసి పైకి చదివాను. ఆ కథ జరిగేది జూన్ 27న. మా ఆదివారం 28. తేదీ భలే కుదిరిందే అని సంబరపడ్డాను కూడా.

చదవనివాళ్ళు ఇక్కడే ఆగండి, ముగింపు చెప్పేస్తున్నాను. మూడు వందల మంది ఉన్న చిన్న ఊరు. పొద్దున పదింటికి అందరూ కూడలిలో చేరతారు. పిల్లలు ముందే వచ్చి రాళ్ళు ఏరి కుప్ప పోస్తుంటారు. పెచ్చులు లేచిన పాత నల్లపెట్టె ఒకటి. అందులోంచి ఇంటిపెద్దలు చీటీలు తీస్తారు. చుక్క ఉన్న చీటీ హచిన్సన్ వాళ్ళింటికి వస్తుంది. ఆ ఇంట్లో ఐదుగురు కాబట్టి మళ్ళీ ఐదు చీటీలు. చుక్క ఇల్లాలు టెస్సీకి పడుతుంది. అప్పటిదాకా నవ్వుతూ కబుర్లాడినవాళ్ళే ఆమెను రాళ్ళతో కొడతారు. ఎందుకు కొడతారో కథలో ఎక్కడా లేదు. ‘జూన్‌లో లాటరీ అయితే పంట బాగా పండుతుంది’ అని అర్థం వచ్చే పాత సామెత ఒకటి ఒక ముసలాయన నోట వస్తుంది, అంతే.

చదవడం అయ్యాక టీ ఎవరూ ముట్టుకోలేదు. మూడో అంతస్తు మేడమ్ ఒక్క మాట మాట్లాడకుండా లేచి కిందికి వెళ్ళిపోయారు. ఒకాయన ‘ఇవి చదివితే మనకి ఒరిగేదేముంది’ అన్నారు. ఇంకొకాయన ‘వాళ్ళ దేశపు గోల మనకెందుకు’ అన్నారు. రాత్రికి వాట్సాప్ గ్రూపులోంచి నలుగురు వెళ్ళిపోయారు. సెక్రటరీ ఫోన్ చేసి ‘టెర్రస్ ఇలాంటివాటికి కాదు సార్’ అని చెప్పాడు. ఇలాంటివి అంటే ఏవో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

నేను చేసింది తప్పా?

నిశాచరి | జూన్ 28, రాత్రి 10:31

తప్పేం కాదు అంకుల్. కానీ ఒకటి చెప్పనా? నాకా కథ చప్పగా అనిపించింది. రెండో పేరాలోనే పిల్లాడు జేబుల నిండా రాళ్ళు నింపుకుంటాడు. అక్కడే తెలిసిపోయింది. దయ్యం కథలు, హారర్ సినిమాలు చూసేవాళ్ళకి ఇది చిన్న ట్విస్టు, అంతకుమించి ఏమీ లేదు. మీవాళ్ళు మరీ సున్నితం.

కొబ్బరాకు | జూన్ 28, రాత్రి 11:20

నిశాచరి, రాళ్ళు ఎందుకో ముందే తెలిసినా నాకు లాభం లేకపోయింది. నాకు ఏడాదిన్నర పాప. ఆ కథ నేను కాలేజీలో చదివినప్పుడు నువ్వన్నట్టే ‘ఓహో, ట్విస్టు’ అనుకున్నాను. పాప పుట్టాక మళ్ళీ చదివితే, చివర్లో టెస్సీ చిన్నకొడుకు డేవీ చేతిలో ఎవరో నాలుగు గులకరాళ్ళు పెడతారు చూడు, అక్కడ ఫోన్ పక్కన పడేశాను. వాడి చెయ్యి పెద్ద రాయి పట్టుకోలేదని గులకరాళ్ళు ఇచ్చారు! అంత జాగ్రత్తగా, అంత ప్రేమగా.

అంకుల్, కథ ఎంచుకోవడం తప్పు కాదు. ముందు చెప్పకపోవడం తప్పు. ‘ఇది కష్టంగా ఉండే కథ, మధ్యలో లేచి వెళ్ళినా ఎవరూ ఏమీ అనుకోరు’ అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

నిశాచరి | జూన్ 28, రాత్రి 11:34

అలా చెప్తే కథే చచ్చిపోతుంది అక్కా. పెళ్ళికి పిలిచి ‘అన్నంలో రాయి ఉంటుంది, చూసుకు తినండి’ అన్నట్టు.

కొబ్బరాకు | జూన్ 28, రాత్రి 11:36

రాయి ఉందని తెలిసీ వడ్డించేవాడిని ఏమంటారు మరి?

పాతపుస్తకాల_బీరువా | జూన్ 29, ఉదయం 7:10

చదువరి గారూ, నలుగురే వెళ్ళిపోయారా? అదృష్టవంతులు మీరు.

ఈ కథ 1948 జూన్ 26 నాటి ‘న్యూయార్కర్’ అనే అమెరికా పత్రిక సంచికలో వచ్చింది. కథలో తేదీకి సరిగ్గా ఒకరోజు ముందు. ఆ వేసవిలో రచయిత్రికి మూడు వందలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కాస్త దయగా రాసినవి పదమూడే అనీ, అవి కూడా ఎక్కువగా స్నేహితులవే అనీ ఆవిడే తర్వాత ఒక ఉపన్యాసంలో చెప్పుకుంది. కన్నతల్లి కూడా నాకూ మీ నాన్నకూ నీ కథ ఏమాత్రం నచ్చలేదని రాసిందట. చందా రద్దు చేసుకుంటామని బెదిరించినవాళ్ళు వేరే. అప్పట్లో ఆ పత్రికలో ఏది కథ, ఏది నిజంగా జరిగిన సంగతి అని విడిగా ముద్ర వేసేవారు కాదు. అందుకని కొందరు నిజమే అనుకున్నారు.

వాటిలో నన్ను వెంటాడేది ఒక రకం ఉత్తరం. తిట్టినవాళ్ళు సరే, అర్థం కాలేదన్నవాళ్ళు సరే. ‘ఈ లాటరీలు ఎక్కడ జరుగుతాయి, మేం వెళ్ళి చూడొచ్చా’ అని అడిగినవాళ్ళు ఉన్నారు. కథ చదివి, రాయి పట్టుకున్నవాళ్ళ పక్కన నిలబడటానికి అడ్రసు అడిగారు!

కాబట్టి మీ టెర్రస్ మీద జరిగింది కొత్తేం కాదు.

పూలతోట | జూన్ 29, ఉదయం 8:25

నా అభిప్రాయం వేరు. ఎవరినీ నొప్పించాలని కాదు. సాహిత్యం అంటేనే హితంతో కూడినది అన్నారు పెద్దలు. పొద్దున లేస్తే పేపర్లో హత్యలు, టీవీ పెడితే అవే, ఫోన్ తెరిస్తే అవే. నాకు షుగరు, బీపీ. సాయంత్రం ఆరింటికి పెద్దవాళ్ళం నలుగురం కూర్చుని చదువుకునే కథ కూడా అదే అయితే మేమెక్కడికి పోవాలి? ప్రపంచంలో క్రూరత్వం ఉందని నాకు 64 ఏళ్ళు వచ్చాక ఒక కథ చెప్పాలా?

మీ మూడో అంతస్తు మేడమ్ లేచి వెళ్ళారంటే మంచి పనే చేశారు.

వంశధార | జూన్ 29, ఉదయం 9:50

పూలతోట గారూ, మీ మాట కాదనను. కానీ హితం వేరు, ప్రియం వేరు కదండీ. కాకరకాయ పులుసు ప్రియమని ఎవరూ వండరు.

నేను శ్రీకాకుళం జిల్లాలో తెలుగు మాస్టారిగా చేసి రిటైరయ్యాను. మన పెద్దలే బీభత్సాన్నీ భయానకాన్నీ రసాల్లో చేర్చారు. సభాపర్వం కంటే కలతపెట్టే కథ ఏముంది చెప్పండి. నిండుసభలో ద్రౌపది ఒక్క ప్రశ్న అడిగింది: తనను తాను ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిది అని. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైనది అన్నాడు గాని జవాబు చెప్పలేదు. నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఆ ఘట్టం నాటకంగా వేస్తే తెల్లవార్లూ కూర్చుని చూశారు. పసిపిల్లల తల్లులూ చూశారు. ఒక్కరూ లేచి వెళ్ళలేదు.

ఎందుకు లేవలేదో నాకు చాన్నాళ్ళకి అర్థమైంది. చీర వస్తుందని అందరికీ తెలుసు. కృష్ణుడు ఉన్నాడు. దుశ్శాసనుడి చెయ్యి నొప్పెట్టే దాకా చీర వస్తూనే ఉంటుంది. ఆ నమ్మకం మీద ఎంత ఘోరమైనా చూస్తాం.

మీ అమెరికన్ కథలో చీర రాదు. అదీ మీవాళ్ళని లేపింది, రాళ్ళు కాదు.

నిశాచరి | జూన్ 29, ఉదయం 10:02

ఇది బాగుంది మాస్టారూ. ‘చీర రాని కథలు’. హారర్ సినిమాలో కూడా చివరికి ఒకమ్మాయి బతికి బయటపడుతుంది. నేను ఎన్ని చూసినా నిద్ర పోగలిగేది అందుకేనేమో.

అయినా చప్పగానే ఉంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్ | జూన్ 29, మధ్యాహ్నం 2:15

డ్యూటీ దిగి, పడుకుని లేచి రాస్తున్నాను. క్యాజువాల్టీలో 22 ఏళ్ళ సర్వీసు. పూలతోట గారితో సగం ఏకీభవిస్తాను. నేను ఇలాంటి కథలు కావాలని చదవను. చూసేది చాలు. కాలిన చీర కత్తిరించి తీసేటప్పుడు పక్కనే నిలబడి ‘స్టవ్ పేలిందండీ’ అని చెప్పే అత్తగారిని చూశాక కథలు కొత్తగా ఏం చెప్తాయి.

కానీ చదువరి గారు రాసింది చూసి ఆ కథ ఇవాళ ఇంగ్లిష్‌లో వెతికి చదివాను. ఒక్కచోట ఆగాను. లాటరీ మొత్తం రెండు గంటల్లోపు అయిపోతుందట, పదింటికి మొదలుపెడితే మధ్యాహ్నం భోజనం వేళకి ఇళ్ళకి చేరుకోవచ్చట. ఈవిడ ఏ క్యాజువాల్టీలో కూర్చుని రాసిందో అనిపించింది. దెబ్బలు తిన్న మనిషిని తీసుకొచ్చినవాళ్ళు కోపంగా ఉంటారనుకుంటారు మీరంతా. కోపం అప్పటికే దిగిపోయి ఉంటుంది. ‘ఎంతసేపు పడుతుంది సిస్టర్, మాకు బస్సు ఉంది’ అంటారు. నేను విన్నన్నిసార్లు మీరు విని ఉండరు.

అందుకని ఆ కథ అబద్ధం కాదు. మంచి కథో కాదో నాకు తెలీదు. మళ్ళీ మాత్రం చదవను.

డల్లాస్_డైరీ | జూన్ 30, ఉదయం 6:40

ఇక్కడ ఈ కథ చాలా స్కూళ్ళలో పాఠం. మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు వాళ్ళ టీచర్ కథ చదవకముందే క్లాసులో చీటీలు పంచిందట. ఒక చీటీకి చుక్క. చుక్క వచ్చిన పిల్లాడిని ముందు నిలబెట్టి, అందరి చేతికీ కాగితం ఉండలు ఇచ్చి విసరమందట. అందరూ నవ్వుతూ విసిరారు. వాడూ నవ్వాడు. మర్నాడు కథ చదివించింది.

ఆ రాత్రి మా అమ్మాయి అన్నం తినలేదు. ‘నాన్నా, నేను రెండు విసిరాను. ఒకటి వాడి కంటి దగ్గర తగిలింది. వాడు నవ్వుతున్నాడని ఇంకోటి విసిరాను’ అంది. నాకు టీచర్ మీద పిచ్చి కోపం వచ్చింది. స్కూల్‌కి మెయిల్ రాశాను, పంపలేదు. మా ఆవిడ మాత్రం ‘పదిహేనేళ్ళ పిల్లకి ఈ పాఠం ఇప్పుడు కాకపోతే ఎప్పుడు’ అంది. మా ఇల్లే రెండు పార్టీలు ఇప్పటికీ.

నిశాచరికి ఒక మాట. కథ చప్పగా ఉందంటే, చదివేటప్పుడు నువ్వు కూడలిలో లేవు, మేడ మీంచి చూస్తున్నావని అర్థం తమ్ముడూ.

నిశాచరి | జూన్ 30, ఉదయం 11:15

చెల్లీ అనండి అన్నా :) మేడ మీంచి అన్నది మాత్రం తగిలింది. ఆలోచిస్తాను.

వంశధార | జూన్ 30, సాయంత్రం 5:30

‘వాళ్ళ దేశపు గోల మనకెందుకు’ అన్నాయన కోసం ఇది. కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ చదివించండి. మా జిల్లా మనిషి, మా జిల్లా భాష. ఆ కథ పేరు మీదే ఉన్న సంపుటికి 1995లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

సుందరపాలెం అనే ఊళ్ళో పంచాయితీ. అప్పల్రాముడు గోపన్నకి అప్పు పడ్డాడు. తీర్చాలా వద్దా, తీర్చగలడా లేదా? శ్రీరాములునాయుడు పెద్దమనిషి, నిజంగానే మంచివాడు. గోపన్న కూడా రాక్షసుడేం కాదు, ఆయనా చితికినవాడే. ఊరు బాగుపడింది, రోడ్లు వచ్చాయి, బడి వచ్చింది. అందరూ ఎంతో ఓపిగ్గా, ఎంతో న్యాయంగా మాట్లాడతారు. చదువుతుంటే మనమూ అరుగు మీద కూర్చుని తల ఊపుతుంటాం. చివరికి అప్పల్రాముడు ఒప్పుకుంటాడు. అప్పుడు కొడుకు సీతారాముడు, తన పసిబిడ్డ ఆ అప్పు మోస్తూ పాలేరుగా బతకడం కంటే ఇదే నయమని, బిడ్డని నరికేస్తాడు.

ఈ కథ మీద దశాబ్దాలుగా వాదన నడుస్తోంది. కన్నబిడ్డని చంపడమేమిటి, కత్తి ఎత్తినవాడు అన్యాయం చేసినవాళ్ళ మీద ఎత్తాలి కదా అని కొందరు. కథ అంతా అంత నెమ్మదిగా నడిపి చివర్లో అంత రక్తమా అని కొందరు. అదే నిజమైన ముగింపు అని కొందరు. నేను క్లాసులో చెప్పినప్పుడు ఒక కుర్రాడు లేచి ‘తీర్పు చెప్పినోల్లకేటీ అవలేదేటి సార్’ అన్నాడు. పాతికేళ్ళయింది. నా దగ్గర జవాబు లేదు.

ఇక్కడా చీర రాదు. పైగా ఇక్కడ రాయి పట్టినవాడు ఒక్కడూ కనపడడు. అందరి చేతులూ ఖాళీయే.

తెనాలి_ప్యాసింజర్ | జూన్ 30, రాత్రి 9:10

రెండు రోజులుగా చదువుతున్నాను, రాయకూడదనుకున్నాను. మాస్టారు యజ్ఞం మాట ఎత్తాక ఆగలేకపోతున్నాను.

మీరంతా ‘మనుషులు ఇంత క్రూరంగా ఉంటారా’ అని ఆశ్చర్యపడుతున్నారు చూడండి, అది నాకు ఆశ్చర్యంగా ఉంది. 1985 జులై 17 కారంచేడు. 1991 ఆగస్టు 6 చుండూరు. కారంచేడులో ఆరుగురు దళితులని, చుండూరులో ఎనిమిది మంది దళితులని చంపేశారు. చుండూరు మాకు దగ్గరే. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మావాళ్ళు పెద్దలు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం, అమ్మ నన్ను పొలం గట్టు వైపు పోవద్దనడం, అంతే నాకు గుర్తున్నది. కేసు కోసం చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. పదహారేళ్ళకి, 2007లో తీర్పు వచ్చింది, 21 మందికి యావజ్జీవం. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

కాబట్టి ఊరు ఊరంతా ఒక చోట చేరడం నాకు ట్విస్టు కాదు. ‘లాటరీ’లో నాకు నమ్మబుద్ధి కానిది ఒకటే: చీటీ. మా దగ్గర చీటీ ఎప్పుడూ వెయ్యలేదు. ఎవరి పేరు వస్తుందో ముందే తెలుసు. అందరికీ సమానంగా ప్రమాదం ఉన్న ఊరు ఎక్కడ ఉంటుందండీ? ఆ రచయిత్రి పెద్ద రచయిత్రే కావచ్చు, కానీ ఆ ఒక్క విషయంలో ఆవిడ ఊరు చాలా మంచి ఊరు.

నిశాచరి | జూన్ 30, రాత్రి 9:40

సార్, కథని కథగా చూడొచ్చు కదా. ప్రతిదాన్నీ కులం దగ్గరికి

(ఈ వ్యాఖ్యలో కొంత భాగాన్ని రాసినవారే తొలగించారు)

మోడరేటర్ | జూన్ 30, రాత్రి 10:20

తెనాలి_ప్యాసింజర్ గారి వ్యాఖ్య అలాగే ఉంటుంది. దాని కింద వచ్చిన మూడు జవాబులు తీసేశాను. ఊరి పేర్లు, ఇంటిపేర్లు పట్టి ఎవరినీ అడగొద్దు. కథ గురించి మాట్లాడండి, కథలోంచి బయటికి వచ్చిన విషయం మీదా మాట్లాడండి. రాసిన మనిషి మీద వద్దు.

నిశాచరి | జులై 1, ఉదయం 8:05

తెనాలి గారూ, సారీ. రాసి అరగంటకి నేనే తీసేశాను. మీరు చీటీ గురించి అన్నది రాత్రంతా తిరిగింది బుర్రలో. నాకు చప్పగా ఎందుకు అనిపించిందో తెలుస్తోంది. ఏ చీటీలోనూ నా పేరు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

తెనాలి_ప్యాసింజర్ | జులై 1, మధ్యాహ్నం 1:30

పర్లేదమ్మా.

పాతపుస్తకాల_బీరువా | జులై 1, రాత్రి 8:45

తెనాలి గారు అన్నదానికి ఒక చిన్న సంగతి జోడిస్తాను. దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఈ కథని నిషేధించింది. వర్ణవివక్ష నాటి రోజులు. జాక్సన్ దానికి గర్వపడేదట, కనీసం వాళ్ళకి కథ అర్థమైందని. చీటీ ఎవరికి రాసిపెట్టి ఉందో బాగా తెలిసిన ప్రభుత్వమే భయపడిందన్నమాట.

మన వైపు చూస్తే ఉర్దూ కథకుడు సాదత్ హసన్ మంటో ఉన్నాడు. దేశవిభజన కథలకీ, అంతకుముందు కథలకీ కలిపి ఆరుసార్లు అశ్లీలం కేసులు, మూడు బ్రిటిష్ ఇండియాలో, మూడు పాకిస్తాన్‌లో. దేశం మారినా కేసు మారలేదు. ఆయన కథ ‘ఠండా గోష్త్’ చదివినవాళ్ళకి తెలుసు, అందులో అశ్లీలం వెతకడానికి ఎంత ఓపిక కావాలో. కోర్టుకెక్కినవాళ్ళని కలవరపెట్టింది అది కాదు. నేరం చేసినవాడు తన నేరంతోనే లోపల చచ్చిపోతాడు అందులో. వాడిని రాక్షసుడని పక్కన పెట్టి పడుకుందామంటే కుదరదు.

పూలతోట | జులై 2, ఉదయం 9:00

చాలా విషయాలు తెలిశాయి, సంతోషం. నా మాట మీదే నేనున్నాను. తెనాలి బాబు రాసింది చదివి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ అది నిజం. నిజం వినడానికి నేను సిద్ధం. కల్పించి మరీ ఏడిపించడం ఎందుకన్నదే నా ప్రశ్న.

నైట్‌డ్యూటీ_సిస్టర్ | జులై 2, మధ్యాహ్నం 3:10

పూలతోట గారూ, నిజం అయితే మనం ‘అయ్యో పాపం’ అని ఫలానా ఊరికి, ఫలానా మనుషులకి అప్పజెప్పేస్తాం. కథకి ఊరు లేదు, అప్పజెప్పడానికి. అదే ఇబ్బంది అనుకుంటా. నేను మీ వైపే ఉంటూ అవతలివాళ్ళ మాట చెప్తున్నాను, తిట్టకండి.

కొత్తగా_చేరాను | జులై 9, రాత్రి 11:50

నమస్తే. ఈ లాటరీ నిజంగా ఏ ఊళ్ళో జరిగిందండీ? ఇప్పటికీ జరుగుతుందా? వీడియో ఏమైనా ఉందా?

పాతపుస్తకాల_బీరువా | జులై 10, ఉదయం 6:55

చదువరి గారూ, చూశారా. 78 ఏళ్ళు దాటినా ఉత్తరం వస్తూనే ఉంది.

(కొత్తగా చేరినవారికి: జరగలేదండీ, కల్పిత కథ. స్వాగతం.)

సాయంత్రం_చదువరి | జులై 26, రాత్రి 10:30

అందరికీ ధన్యవాదాలు. ప్రతి వ్యాఖ్యా ప్రింట్ తీసి పెట్టుకున్నాను. మా ఆవిడ నవ్వింది, బ్యాంకు బుద్ధి పోలేదని.

ఇవాళ ఆఖరి ఆదివారం. టెర్రస్ తాళం దొరకలేదు, సెక్రటరీ ఊళ్ళో లేడట. సెల్లార్‌లో స్కూటర్ల పక్కన కుర్చీలు వేసుకున్నాం. ఎనిమిది మందిమి. కొబ్బరాకు గారు చెప్పినట్టు ముందే చెప్పాను, ఇవాళ కథ చదవడం లేదు, పోయిన నెల కథ గురించి ఎవరేమన్నా అనొచ్చు, ఇష్టం లేనివాళ్ళు టీ తాగి వెళ్ళొచ్చు అని.

మూడో అంతస్తు మేడమ్ వచ్చారు. రారనుకున్నాను. ఆవిడ రాళ్ళ గురించి మాట్లాడలేదు. చేతిలో కథ ప్రింటు ఉంది, మనవడితో తీయించారట, ఒకచోట పెన్సిల్‌తో గీత. చుక్క తమ ఇంటికి వచ్చిందని తెలియగానే టెస్సీ గోల పెడుతుంది కదా, ఇది న్యాయం కాదని. ఆ గోలలోనే పెళ్ళయిపోయిన కూతుర్నీ అల్లుడినీ కూడా లెక్కలోకి తీసుకోమంటుంది. లాటరీ నడిపే ఆయన, పెళ్ళయిన కూతుళ్ళు అత్తింటివాళ్ళతో తీస్తారు టెస్సీ, నీకూ తెలుసు కదా అంటాడు.

‘మీరు చదువుతుంటే అక్కడే నాకు ఊపిరి ఆగింది. మీరంతా రాళ్ళు అంటున్నారు. రాళ్ళు తర్వాత. చీటీలు పెరిగితే తన వంతు తగ్గుతుందని కన్నకూతుర్ని పిలిచింది. నాకిద్దరు కూతుళ్ళు. నేను పిలవనని గట్టిగా అనుకోవడానికి నెల పట్టింది’ అన్నారు.

సెల్లార్‌లో ఎవరూ మాట్లాడలేదు. వాచ్‌మన్ మోటార్ ఆన్ చేశాడు, ఆ చప్పుడుతో కాసేపు గడిచింది. తెలుగు చేసింది నేనే, పైకి చదివింది నేనే. ఆ వాక్యం నా చేతి మీదుగా వెళ్ళింది, నాకు తగల్లేదు.

‘మనకెందుకు’ అన్నాయన మాత్రం ఇవాళ కూడా రాలేదు. రానక్కర్లేదు కూడా.

నిశాచరి | జులై 26, రాత్రి 11:02

అంకుల్, నేనూ ఆ లైన్ దాటేశాను. ఇప్పుడు మళ్ళీ తీసి చదివాను. మా అమ్మ పక్కగదిలో సీరియల్ చూస్తోంది. వెళ్ళి కాసేపు పక్కన కూర్చుని వచ్చాను. ఎందుకని అడిగింది, ఊరికే అన్నాను.

డల్లాస్_డైరీ | జులై 26, రాత్రి 11:40

ఇది మా అమ్మాయికి చదివి వినిపిస్తాను. లేదా వినిపించనేమో. మా ఆవిడని అడగాలి.

పూలతోట | జులై 27, ఉదయం 7:30

ఆ మేడమ్‌కి నా నమస్కారాలు చెప్పండి. లేచి వెళ్ళిపోవడం మంచిపని అని రాశాను, అది వెనక్కి తీసుకోను. కానీ ఆవిడ ఎందుకు లేచారో నాకు తెలుసనుకున్నాను. అది వెనక్కి తీసుకుంటున్నాను.

సాయంత్రం_చదువరి | జులై 27, ఉదయం 10:15

తప్పకుండా చెప్తాను. వచ్చే నెల ‘యజ్ఞం’ పెడదామని ఆవిడే అన్నారు. పెద్ద కథ కాబట్టి రెండు ఆదివారాలు పట్టేలా ఉంది. పుస్తకం నా దగ్గర లేదు, ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్పగలరా? ఆవిడకి గేటు పక్కన కుర్చీ వేస్తామని మాటిచ్చాం.

వంశధార | జులై 27, మధ్యాహ్నం 12:20

రామారావు మాస్టారి కథల సంపుటాలు పుస్తకాల షాపుల్లో దొరుకుతాయి. దొరక్కపోతే మా శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. ఆయనే 1997లో పెట్టారు, తెలుగు కథ ఎక్కడ అచ్చయినా అక్కడికి చేరాలని. పాత పత్రికల్లోని కథలు స్కాన్ చేసి వాళ్ళ సైట్‌లో కూడా పెట్టారు. అది కూడా చూడండి.

మేడమ్ గారు అన్నది విన్నాక ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. టెస్సీ తను తప్పించుకోవడానికి కూతుర్ని చీటీల్లోకి లాగబోయింది. సీతారాముడు కొడుకుని అప్పులోంచి తప్పించడానికి నరికాడు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ఇద్దరు తల్లిదండ్రుల్లో

కొబ్బరాకు | జులై 27, మధ్యాహ్నం 12:24

మాస్టారూ, ఇవాళ్టికి వద్దు. పాపకి అన్నం పెడుతున్నాను.

వంశధార | జులై 27, మధ్యాహ్నం 12:26

సరే తల్లీ. ముందు అన్నం పెట్టు.